కడుపు మీద కోత, చేతిలో పలక

మీ బిడ్డ పుట్టిన రోజే మలద్వారం లేదని చెప్పి ఉంటారు. లేదంటే రెండు రోజులైనా దొడ్డికి పోలేదని, పొట్ట ఉబ్బిందని, ఆకుపచ్చగా కక్కుతోందని వరంగల్‌కు రాసి పంపి ఉంటారు. అక్కడి నుంచి కొందరు హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రి దాకా వెళ్లి ఉంటారు. అప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ ఒక్క విషయం చుట్టే: పొట్ట మీది మలం సంచి నిండిందా, కుట్లు మానాయా, ఇవాళ ఎన్నిసార్లు పోయింది, తర్వాతి ఆపరేషన్ ఎప్పుడన్నారు. ఆ జాగ్రత్తే బిడ్డ ప్రాణం నిలిపింది. కానీ బిడ్డ నిద్రపోయాక, భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకునే ప్రశ్న ఇంకొకటి ఉంటుంది. వీడు అందరిలా ఎదుగుతాడా? బడిలో కూర్చోగలడా? చదువు వస్తుందా?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసమే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తల్లిదండ్రులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 2016 అక్టోబర్ 11 దాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఒకే వరంగల్ జిల్లా. జిల్లాలు వేరయ్యాయి గానీ పిల్లల ఆపరేషన్ అంటే ఇప్పటికీ దారి వరంగల్ ఎంజీఎం వైపో, హైదరాబాద్ వైపో తిరుగుతుంది. జనగామ, మానుకోట (మహబూబాబాద్) వాళ్లకు రైలుంది. భూపాలపల్లికి అదీ లేదు. మహదేవపూర్ వైపు పల్లె నుంచి బయల్దేరిన తల్లికి ఒక్కసారి డాక్టరుకు చూపించుకోవడమంటే ఒక రోజు కూలి, ఒక రాత్రి నిద్ర పోయినట్టే.

జవాబు ముందే చెప్పేస్తాను. పేగులో లోపం మెదడును నేరుగా తాకదు. డౌన్ సిండ్రోమ్ లాంటిది తోడు లేకపోతే, ఈ పిల్లల్లో ఎక్కువ మంది తెలివితేటలు పక్కింటి పిల్లల తెలివితేటల్లాగే ఉంటాయి. మరి నడక ఆలస్యం కావడం, మాట రాకపోవడం, మూడో తరగతికి వచ్చినా కూడికలు తడబడటం ఎక్కడి నుంచి వస్తాయి? చాలా వరకు జబ్బు చుట్టూ పోగొట్టుకున్న రోజుల నుంచి. వెల్లకిలా పడుకోబెట్టే ఉంచిన నెలలు, వార్డులో ఎవరూ పలకరించని మధ్యాహ్నాలు, బరువు పెరగని ఏడాది, వాసన వస్తుందని మాన్పించిన బడి. విడివిడిగా చూస్తే చిన్నవే. అన్నీ కలిస్తే బాల్యంలో పెద్ద ముక్క తినేస్తాయి. వాటిలో చాలా భాగం తిరిగి సంపాదించుకోవచ్చు. అందులో సగం పనికి డబ్బు కూడా అక్కర్లేదు.

నింద దించండి, వయసు లెక్క తెలుసుకోండి

ముందు తల్లి మీద మోపిన నింద దించాలి. గ్రహణం పూట బయటికి వచ్చిందనో, బొప్పాయి తిన్నదనో, పొలం పనికి పోయిందనో అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. పేగు చివరి భాగం విడివడి మలద్వారంగా రూపు దిద్దుకునేది గర్భం నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో. నెల తప్పిన సంగతి అత్తగారికి చెప్పేలోపే ఆ పని జరిగిపోతుంది. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అనేది ఇంకో రకం. పేగును కదిలించే నరాల కణాలు పైనుంచి కిందికి ప్రయాణం చేస్తూ పన్నెండో వారానికల్లా పేగు చివరి దాకా చేరాలి. ఎస్సారెస్పీ కాలువ నీళ్లు చివరి మడికి చేరకముందే ఆగిపోయినట్టు ఆ కణాలు మధ్యలో ఆగితే, అక్కడి నుంచి కింది పేగు కదలదు. మలం పైనే నిలిచిపోతుంది. ఈ రెండు లోపాలూ ఒక్కొక్కటి సుమారు ఐదు వేల కాన్పుల్లో ఒకదానిలో కనిపిస్తాయి, ప్రపంచమంతటా. హిర్ష్‌స్ప్రంగ్ అయితే మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువ. తల్లి తిన్నదానితోనో, తిరిగినదానితోనో వచ్చినవి కావు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. పోలియో వచ్చినవాళ్లను, చెవుడున్నవాళ్లను మన ఊళ్లు చూశాయి. ఈ లోపంతో పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకున్న మనిషి మాత్రం మీ ఊరికి తెలిసి ఉండకపోవచ్చు. డెన్మార్క్ పిల్లల డాక్టర్ హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్‌లో ఈ జబ్బు గురించి చెప్పినప్పుడు ఆయన వివరించిన ఇద్దరు పసివాళ్లూ చనిపోయినవాళ్లే. చచ్చుబడిన పేగును తీసేసి మంచి పేగును కిందికి లాగి కలిపే ఆపరేషన్‌ను అమెరికాలో ఆర్వర్ స్వెన్సన్ 1948లో ప్రచురించారు. మలద్వారం లేని పిల్లలకు ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్‌ను మెక్సికోలో అల్బెర్టో పెన్యా మొదలుపెట్టింది 1980లో. మన పల్లెల దాకా ఈ వైద్యం చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఊళ్లో పేదవాడికి ఆ ఆపరేషన్ అందడం 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక సులువైంది. ఆ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా పోయే వీలు వచ్చింది కూడా అదే రోజుల్లో. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీని చార్జీల కోసం దాటేయాల్సిన అవసరం తగ్గింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పిల్లల పెంపకం గురించి మీ నాయనమ్మకు తెలిసిన చిట్కా ఏదీ ఉండదు. ఆవిడ చూసి ఉండదు. ఆవిడ భయపడితే అది మీ బిడ్డ భవిష్యత్తు గురించిన జోస్యం అనుకోకండి.

పెద్దల చిట్కాల్లో ఒకటి మాత్రం ఆపించాలి. పసిబిడ్డ దొడ్డికి పోకపోతే తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టడం మన ఇళ్లలో ఉంది. హిర్ష్‌స్ప్రంగ్ ఉన్న బిడ్డకు అలా పెడితే ఆ పూటకు పోతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, అసలు జబ్బు నెలల తరబడి దాగుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ మొదటి నల్లటి జిగురు మలం 48 గంటల్లో పోకపోతే, ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే, పొట్ట ఉబ్బితే ఇంట్లో ప్రయత్నాలు వద్దు. 108కి ఫోన్ చేయండి.

చాప వేయండి

సంచితో ఇంటికి వచ్చిన బిడ్డను చూసి ఇల్లంతా బిగుసుకుపోతుంది. ఎత్తుకుంటే ఎక్కడ తగులుతుందో, బోర్లా వేస్తే సంచి ఊడుతుందేమో. రోజూ కాళ్లు చాపుకుని వాటి మీద బోర్లా వేసి నూనె రాసి నీళ్లు పోసే అమ్మమ్మ కూడా దూరంగా నిలబడి తడిగుడ్డతో తుడిచి వదిలేస్తుంది. ప్రేమతోనే చేస్తారు. ఫలితం మాత్రం మెడ నిలబడటం, బోర్లా పడటం, కూర్చోవడం అన్నీ వెనక్కి జరుగుతాయి. మెడ, భుజాలు, నడుం బలపడేది బిడ్డ బోర్లా పడుకుని తల ఎత్తడానికి కష్టపడే ఆ నిమిషాల్లోనే.

కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజునే డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "ఎన్నో రోజు నుంచి బోర్లా వేయొచ్చు?" పుండు మానాక చాలామంది పిల్లలకు సంచితోనే వేయొచ్చంటారు. సంచి ఖాళీ చేసి, నేల మీద మెత్తటి బొంత పరిచి, బిడ్డ మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టండి. నేల మీద కుదరకపోతే నాన్న వెనక్కి వాలి కూర్చుని ఛాతీ మీద వేసుకోవచ్చు. బిడ్డకు నాన్న ముఖం చూడాలని తల ఎత్తాలనిపిస్తుంది. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. నిద్రపుచ్చేది ఎప్పుడూ వెల్లకిలానే. ఎనిమిది తొమ్మిది నెలలకు పాకే బిడ్డకు సంచి అడ్డం కాకుండా పొట్ట చుట్టూ మెత్తటి పాత చీర ముక్క వదులుగా చుడితే చాలు.

వార్డు సంగతి దీనికంటే ముఖ్యం. ఆపరేషన్ మూడు విడతలుగా చేసే బిడ్డకు మొదటి రెండేళ్లలో ఆసుపత్రి రోజులు చాలా ఉంటాయి. మెదడు అతి వేగంగా పెరిగే కాలం కూడా అదే. అమ్మ అలసిపోయి ఉంటుంది, పక్క మంచాల వాళ్ల ముందు సిగ్గు, బిడ్డ ఏడిస్తే ఫోన్‌లో బొమ్మలు పెట్టి చేతికిస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా చెబుతున్నాను: రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర మీద బొమ్మ బిడ్డ కూతకు బదులివ్వదు. మీరు ఇస్తారు. బిడ్డ "ఊ" అంటే మీరూ "ఊ" అనండి. సెలైన్ సీసా, ఫ్యాను, సిస్టరమ్మ, పక్క మంచం మీద అన్న, అన్నింటి పేర్లూ చెబుతూ ఉండండి. అది పాఠమే.

మరో మాట మానుకోట తండాల అమ్మలకు, భూపాలపల్లి అడవి అంచున ఉండే కోయ అమ్మలకు. నర్సుల ముందు తెలుగే మాట్లాడాలని మీ భాష దాచుకోకండి. మీకు పాట వచ్చిన భాషలో, తిట్టినా ముద్దుగా ఉండే భాషలో బిడ్డతో మాట్లాడండి. లంబాడీలో మాటల పునాది గట్టిగా పడ్డ బిడ్డకు తెలుగు తర్వాత వస్తుంది. ఏ భాషలోనూ ఎవరూ పలకరించని బిడ్డకే మాట ఆలస్యమవుతుంది.

మత్తు మందు గురించి భయం చాలామందికి ఉంటుంది. అది ఊరికే పుట్టిన భయం కాదు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు దాటిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు మెదడు ఎదుగుదల మీద ప్రభావం చూపవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబర్‌లో హెచ్చరించింది. మరోవైపు ఏడు దేశాల్లో హెర్నియా ఆపరేషన్ అయిన పసిబిడ్డలను ఐదేళ్ల వయసు దాకా గమనించిన పరిశోధన 2019లో వచ్చింది. గంటలోపు మత్తు ఒక్కసారి ఇస్తే తెలివితేటల్లో తేడా ఏమీ కనిపించలేదని అది తేల్చింది. మీ బిడ్డకు ఆపరేషన్ తప్పనిసరి అయితే ఈ భయంతో వాయిదా వేయకండి. ఆగిన పేగు చేసే హాని ముందు మత్తు చేయగల హాని చాలా చిన్నది. మీరు అడగదగింది ఒకటుంది: రెండు చిన్న పనులుంటే ఒకే మత్తులో చేసేయడం కుదురుతుందా అని. కుదిరితే వాళ్లే చేస్తారు.

తూకం, ఉప్పు, వెన్నుపూస

చిన్నపేగు బయటికి తెరిచి సంచి పెట్టిన బిడ్డ ఎన్ని పాలు తాగినా బరువు పెరగకపోతే, పాలు చాలడం లేదనే అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం ఉప్పు. సంచిలోకి నీళ్లతో పాటు సోడియం పోతూ ఉంటుంది. ఒంట్లో సోడియం తగ్గితే బరువు పెరగదు. మూత్రంలో సోడియం చూసే చిన్న పరీక్షతో తెలుస్తుంది. మందుగా ఇవ్వాల్సింది ఎంతో డాక్టరు చెబుతారు. భూపాలపల్లి బొగ్గు గనుల చుట్టుపక్కల మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ నెలల్లో సంచి పలచగా, మామూలు కంటే ఎక్కువ నిండుతుంటే ఓఆర్ఎస్ ఇస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. చిన్నపేగు చివరి భాగం తీసేశారా అని డిశ్చార్జి కాగితంలో చూపించుకోండి. బి12 అనే విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే. అది లేకపోయినా, ఐరన్ తగ్గినా బిడ్డ మందకొడిగా అయిపోతుంది, చదువులో మనసు నిలవదు. ఆ మందకొడితనాన్ని బద్ధకమని తిట్టే ముందు ఒక రక్తపరీక్ష చేయించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మానొద్దు. బిడ్డ పేగుకు అది పడుతుందా, ఎంత ఇవ్వాలి అని అడిగి ఇవ్వండి. నెలనెలా తూకం వేయించి కార్డు మీద గీత ఎటు పోతోందో మీ కళ్లతో చూడండి.

మలద్వారం లేకుండా పుట్టిన పిల్లల్లో గుండె, మూత్రపిండాలు, వెన్నుపూస కూడా చూడాలి. ఒకే వారాల్లో రూపు దిద్దుకునే భాగాలు కావడంతో లోపాలు జంటగా వస్తుంటాయి. వెన్ను ఎముకలు గట్టిపడకముందు, మొదటి మూడు నెలల్లో, మామూలు స్కానింగ్‌తోనే వెన్నుపాము కనిపిస్తుంది. ఆ తర్వాత ఎంఆర్ఐ కావాలి. ఇది చదువుకు ఏం సంబంధం అంటారేమో. వెన్నుపాము కింద అతుక్కుని ఉంటే ఐదారేళ్ల వయసులో నడక మారుతుంది, పరుగులో పడిపోతుంటాడు, మూత్రం చుక్కలుగా కారుతుంది. బడిలో అందరూ దాన్ని అల్లరి అనో, అశ్రద్ధ అనో అనుకుంటారు.

ఎదుగుదల పరీక్షలు ఎక్కడ చేయించాలి? అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం మీకు తెలుసు. 2013లో మొదలైన ఆ పథకంలో కేంద్రం ఇచ్చిన జాబితాలో 30 సమస్యలున్నాయి. పుట్టుకతో వచ్చే లోపాల కింద గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె జబ్బు లాంటివి తొమ్మిది ఉన్నాయి. పేగు లోపం ఆ తొమ్మిదిలో లేదు. అందుకే "ఇది మా జాబితాలో లేదమ్మా" అన్న మాట వినాల్సి రావచ్చు. వెనక్కి రావొద్దు. అదే జాబితాలో ఎదుగుదల ఆలస్యాలు ఉన్నాయి: నడక, మాట, నేర్చుకోవడం, ప్రవర్తన. "నా బిడ్డకు పదోనెల వచ్చినా కూర్చోవడం లేదు" అని చెప్పండి. ఆ తలుపు మీకు తెరిచే ఉంది. ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా ఆగొద్దు. మీ ప్రాంతానికి డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రం ఎక్కడుందో ఆ బృందాన్నే అడగండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. తూకం, రక్తపరీక్ష, ఎదుగుదల చూపించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. అక్కడి పిల్లల విభాగానికి వెళ్లండి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఆపరేషన్ సంగతులకు వెళ్లండి.

దొడ్డికి కూర్చునే గంట

ఆపరేషన్ అయ్యాక కొత్త మలద్వారం బిగుసుకుపోకుండా రోజూ లోహపు కడ్డీతో వెడల్పు చేయమంటారు కొందరికి. చేసేది అమ్మే. బిడ్డ ఏడుస్తాడు, అమ్మ అతనికంటే ఎక్కువ ఏడుస్తుంది. ఈ పని బిడ్డ మనసులో భయంగా మిగలకుండా చూసుకోవడం కూడా పెంపకమే. పాలిచ్చే చోట, నిద్రపుచ్చే చోట చేయొద్దు. దానికి ఒక మూల, ఒక దుప్పటి ఉండాలి. ముందే చెప్పాలి, త్వరగా ముగించాలి, అవగానే ఎత్తుకోవాలి. రెండేళ్లు దాటితే పదిదాకా లెక్కపెట్టమనండి, పది అనగానే ఆపండి. మీరు నిజంగా పదికి ఆపారని వాడికి నమ్మకం కుదరాలి. "అల్లరి చేస్తే కడ్డీ పెడతా" అని ఒక్కసారి కూడా అనకూడదు, సరదాకైనా.

ఇక అసలు యుద్ధం బట్టలు పాడవడంతో. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి పిల్లల చదువును నేరుగా దెబ్బతీస్తుంది కాబట్టి నిదానంగా చెబుతాను. బిడ్డ లాగు రోజుకు నాలుగుసార్లు పలచగా తడుస్తుంది. విరేచనాలనుకుని అన్నం, అరటిపండు పెట్టి గట్టిపరుస్తారు, డాక్టరు ఇచ్చిన మందు ఆపేస్తారు. నిజానికి లోపల గట్టి మలం పేరుకుని ఉంటుంది, దాని పక్క నుంచి నీళ్లలా కారుతుంది. అది మలబద్ధకం. ఆపరేషన్ అయిన ఈ పిల్లల్లో చాలా ఎక్కువగా కనిపించేది అదే. బిడ్డకు అది వస్తున్నట్టు తెలియదు కూడా. కొడితే ఆగేది కాదు. పొట్ట ఎక్స్‌రే ఒకటి తీస్తే తేలిపోతుంది. అలాగని అందరికీ ఒకే మందు, ఒకే తిండి కాదు. కొందరి పేగు మరీ వేగంగా కదులుతుంది, వాళ్లకు ఆకుకూరలు, పీచు తగ్గించాల్సి వస్తుంది. ఎవరో బంధువుల బిడ్డకు పనిచేసిన పథ్యం మీ బిడ్డకు తిరగబడవచ్చు.

ఒక్క ప్రమాదం గుర్తుంచుకోండి. హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ విజయవంతమైన బిడ్డకైనా జ్వరంతో పాటు పొట్ట ఉబ్బి, దుర్వాసనతో విరేచనాలు ఎగజిమ్మితే అది పేగు వాపు కావచ్చు. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆర్ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

తిన్న పావుగంటకు పేగు తనంతట తానే కదులుతుంది. మూడేళ్ల నుంచి రోజూ అదే వేళకు, అన్నం తిన్నాక, ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టడం మొదలుపెట్టాలి. కాళ్లు గాల్లో వేలాడకూడదు, పాదాల కింద పీట ఉండాలి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకు మెచ్చుకోవాలి. దీంతో కుదరని పిల్లలకు రోజూ ఒకే వేళకు ఎనిమా ఇచ్చి పేగును ఖాళీ చేసే పద్ధతి ఉంది. పెన్యా, ఆయన సహచరులు దీన్ని ఒక క్రమంగా తీర్చిదిద్దారు. వారం పాటు రోజూ ఎక్స్‌రే చూస్తూ ఆ బిడ్డకు ఏ ద్రవం, ఎంత సరిపోతుందో తేలుస్తారు. సరిపోయిన బిడ్డ మర్నాడంతా శుభ్రంగా ఉంటాడు. కొంచెం పెద్దయ్యాక పొట్ట మీద చిన్న రంధ్రం నుంచి తనకు తానే ఎనిమా ఇచ్చుకునే ఆపరేషన్‌ను ఇంగ్లండ్‌లో మెలోన్ అనే సర్జన్ 1990లో చూపించారు. మీ అంతట మీరు కొలతలు మార్చకండి, ఉత్త నీళ్లు ఎక్కించకండి.

ఈ ఎనిమా పనికి ముప్పావుగంట, గంట పడుతుంది. ఉదయం హడావుడిలో కాకుండా రాత్రి భోజనం తర్వాత పెట్టుకున్న ఇళ్లకు సుఖం ఎక్కువ. ఆ గంటను శిక్షగా చూడొద్దని నా మనవి. బిడ్డ కదలకుండా కూర్చుని ఉంటాడు, పక్కన అమ్మో నాన్నో తప్పనిసరిగా ఉంటారు. ఊళ్లో మిగతా పిల్లల్లో ఎంతమందికి రోజూ గంటసేపు తల్లిదండ్రుల్లో ఒకరు పూర్తిగా దొరుకుతారు? కథ చెప్పండి. చదవడం రాని తల్లి పొడుపుకథలు వేయవచ్చు, మార్కెట్‌లో మిర్చి ధర, కూలి లెక్క వాడి చేత కట్టించవచ్చు. చదవడం వచ్చిన నాన్న బడి పుస్తకమే పైకి చదవొచ్చు. తీసుకుపోయిన రోజులకు బదులుగా ఈ జబ్బు ఇచ్చే ఒకే ఒక్క అవకాశం ఇది. దీన్ని వదులుకోకండి.

బడి

సంచితో అంగన్‌వాడీకి పంపొచ్చా? పంపొచ్చు. టీచరుకు ఒకసారి చూపించి, ఖాళీ చేయడం నేర్పి పంపండి. మొదటి వారం మీరూ వెళ్లి కూర్చోండి. ఇంట్లో దాచిన బిడ్డ ఆటలో వంతు కోసం ఆగడం, పంచుకోవడం, గొడవ పడి కలవడం నేర్చుకోడు. అవి పలక మీద నేర్పేవి కావు.

బడిలో చేరేటప్పుడు ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఎవరికీ చెప్పకుండా ఉండనూ కూడదు. ఒక్క టీచరుకు పూర్తిగా తెలియాలి. బడి సంచిలో అదనపు లాగు, తువ్వాలు, నీళ్ల సీసా, మూసేసే కవరు ఉండాలి. సీటు తలుపు దగ్గర ఉండాలి. చెయ్యెత్తి అందరి ముందు అడగకుండా, లేచి వెళ్లడానికి టీచరుకూ బిడ్డకూ మధ్య ఒక గుర్తు చాలు. తోటిపిల్లలు అడిగితే చెప్పడానికి ఒక చిన్న వాక్యం ఇంట్లోనే సాధన చేయించండి: "చిన్నప్పుడు నా కడుపుకి ఆపరేషన్ అయింది, అందుకే నేను ఎక్కువసార్లు బయటికి పోతా." అంతే. సిగ్గుపడకుండా చెప్పగలిగిన పిల్లవాడిని ఎగతాళి చేయడం కష్టం. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ మాట అవసరమైతే వాడండి, కానీ మొదట స్నేహంగా మాట్లాడండి.

ఆసుపత్రికి పోయిన రోజుల పాఠాలు ఎవరు చెబుతారన్నది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పై మెట్లన్నీ ఊగుతాయి. తీసివేతలు చెప్పిన వారం బిడ్డ వార్డులో ఉంటే, రెండేళ్ల తర్వాత భాగహారం దగ్గర ఆ లోటు బయటపడుతుంది, అప్పుడు అందరూ వాడికి లెక్కలు రావంటారు. తిరిగొచ్చిన వారమే ఆ ఒక్క పాఠం పట్టి చెప్పించండి. అలా చెప్పించినా అక్షరాలు తారుమారవడం, చదివింది నిలవకపోవడం ఉంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి తీసుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పేగు లోపం లేదు. నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది మాత్రం ఉంది. మేధో వైకల్యం, నడకకు సంబంధించిన వైకల్యాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ అడిగేటప్పుడు ఏ పేరుతో అడగాలో ఇది తేలుస్తుంది.

ఆడపిల్లల తల్లులకు ఒక్క మాట. మలద్వారం, మూత్రమార్గం, గర్భాశయ మార్గం కలిసి పుట్టిన పాపకు పదేళ్లు దాటాక ఒకసారి ఆడవాళ్ల డాక్టరుకు చూపించండి. పెద్దమనిషయ్యే వయసులో నెలనెలా కడుపునొప్పి వచ్చి రక్తం కనిపించకపోతే ఆలస్యం చేయొద్దు.

ఐదో తరగతి వచ్చేసరికి గురుకుల పరీక్ష రాయించాలా అన్న ప్రశ్న వస్తుంది. తెలివైన పిల్లలను కూడా హాస్టల్ భయంతో ఆపేస్తారు. రాత్రి ఎనిమా తనంతట తాను చేసుకోగలిగిన పిల్లవాడికి భయపడాల్సింది తక్కువ. అంతదాకా రాని బిడ్డను ఇంటి దగ్గరి బడిలోనే ఉంచి, ఏడో తరగతికో ఎనిమిదికో ఆ నైపుణ్యం నేర్పండి. పరీక్ష మళ్లీ రాయొచ్చు.

చివరగా ఈ మూడు జిల్లాల హెడ్మాస్టర్లను, ఆశ్రమ పాఠశాలల వార్డెన్లను, గురుకుల ప్రిన్సిపాళ్లను ఒకటి అడుగుతున్నాను. మీ బడిలో ఇలాంటి బిడ్డ ఒక్కరున్నా, గడియ పడే, నీళ్లు వచ్చే ఒక టాయిలెట్ తాళం ఆ బిడ్డకు ఇవ్వండి. అది టీచర్లు వాడుకునేదైనా సరే. అందుకు ఏ జీవో రావాల్సిన పనిలేదు, రేపు ఉదయమే ఇవ్వొచ్చు.